మొదటి గడిలో సి

2009 జూన్ నాటికి నేను ఆ యూనివర్సిటీ లైబ్రరీలో చేరి మూడు వారాలైంది. అంతకుముందు పదకొండేళ్ళు ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్లకి బ్రేకులు చేసే కంపెనీలో ప్రోగ్రామర్‌ని. ఆ ఏడాది డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలన్నీ కూలబడ్డాయి. మా గ్రూపులో పన్నెండుమందిని ఒకే శుక్రవారం ఇంటికి పంపేశారు, అందులో నేనొకదాన్ని. లైబ్రరీవాళ్ళ దగ్గర పాత కంప్యూటింగ్ సెంటర్ తాలూకు డెబ్భై అట్టపెట్టెలు పడున్నాయి. వాటిలో ఏముందో రాసిపెట్టడానికి ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాష చదవడం వచ్చినవాళ్ళు కావాలన్నారు. ఇప్పటి పిల్లలెవరికీ అది రాదు. నాకు వచ్చు. ఆరు నెలల కాంట్రాక్టు.

ముప్ఫై ఒకటో పెట్టెలో ఫొటోల కవరొకటి దొరికింది. మూడో ఫొటోలో బీరువాలంత పొడుగు యంత్రాలు, వాటి ముందు చీర కట్టుకున్న అమ్మాయి. చీర మీద మందపాటి స్వెట్టరు, చేతుల్లో చిల్లులు కొట్టిన కార్డుల కట్ట. తల కొంచెం పక్కకి వంచి, కెమెరాని కాదు, కార్డుల్నే చూస్తోంది. ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. వాచీ కుడిచేతికి, డయలు లోపలివైపుకి.

మా అమ్మ వాచీ అలాగే పెట్టుకుంటుంది. ముప్ఫైయేళ్ళు కాకినాడ గర్ల్స్ హైస్కూల్లో లెక్కలు చెప్పినప్పుడూ పెన్సిలు ముడిలోనే ఉండేది. పరీక్ష పేపర్లు దిద్దుతూ దానికోసం ఇల్లంతా వెతికేది, మేం నవ్వేవాళ్ళం.

ఫొటో వెనక టైపు చేసి ఉంది: "నవంబరు 1964. యంత్రాన్ని చూడవచ్చిన ఒక విదేశీ పరిశోధకుడి భార్య. పేరు తెలియదు."

పోలికలుంటాయి కదా అనుకున్నాను. అమ్మ అమెరికా రావడం ఇదే మొదటిసారి. వీసా ఫారం నింపింది నేనే, ఇంతకుముందు ఈ దేశం వచ్చారా అన్నచోట 'నో' పెట్టింది కూడా నేనే. ఫొటో పక్కన పెట్టి, దాని కింద మడతలు మడతలుగా ఉన్న వెడల్పాటి కాగితాల కట్ట తీశాను. ప్రోగ్రాం లిస్టింగ్ అది, అంటే కార్డుకొక లైను చొప్పున చిల్లులు కొట్టినది వరసగా అచ్చు కొట్టిన కాగితం. కాన్సర్ రోగులకి కోబాల్ట్ కిరణాలు ఎన్ని నిమిషాలు ఇవ్వాలో లెక్కకట్టే ప్రోగ్రాం. రెండో లైనులో రాసినవాళ్ళ పేరుంది: జె. ప్రసూన.

మా అమ్మ పేరు జ్ఞానప్రసూన.

ఆ లైను మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చుండిపోయాను. పాత కాగితాల విభాగం చూసే జోన్ అటుగా వచ్చి "ఒంట్లో బాగాలేదా?" అనడిగింది. బాగానే ఉందన్నాను. ఫొటోకి కాపీ తీసుకుని, పని మధ్యలో వదిలేసి ఇంటికి బయల్దేరాను. గంట దూరం ఎలా డ్రైవ్ చేశానో గుర్తులేదు.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కాపీ తీసి ఆమె ముందు పెట్టాను. చేతిలో ఉన్న కాయ అలాగే ఉండిపోయింది.

"అమ్మా, ఇది నువ్వేనా?"

అమ్మ లేచి చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఫొటోని తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు, అది కాపీ కదా.

"ఆ పెట్టెలో ఇంకేమున్నాయి?" అంది.

"ఏవో ప్రోగ్రాం కాగితాలు."

"లిస్టింగా? ఏ తేదీది?"

ఫొటో చూసినప్పటికంటే ఆ మాటకి ఎక్కువ అదిరిపడ్డాను. నేను ఎం.సి.ఏ.లో చేరతానన్న రోజున అన్నం తినకుండా పడుకున్న మనిషి. ఇంట్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి కూడా రాని మనిషి. అది ఆవిడకి అర్థంకాని వస్తువని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆవిడ నోట లిస్టింగ్ అన్న మాట, రోజూ అనేదే అన్నంత మామూలుగా వచ్చింది.

"తేదీ చూడలేదమ్మా. నువ్వు అమెరికా ఎప్పుడొచ్చావు?"

"అరవై మూడులో. అన్నయ్య ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాడుగా, నాకూ ఎమ్మెస్‌లో సీటొచ్చింది. వాల్తేరులో ఎమ్మెస్సీ లెక్కలు ఫస్టున పాసయ్యాను." ఫొటో బోర్లా పెట్టింది. "ఒకటిన్నర సంవత్సరం ఉన్నాను. డిగ్రీ పూర్తికాలేదు."

"నాన్నకి తెలుసా?"

"పెళ్ళికి ముందే చెప్పాను. విని, ఇంకెప్పుడూ ఎత్తొద్దన్నారు. ఎత్తలేదు."

"ఎందుకు ఎత్తొద్దన్నారు? అందులో దాచాల్సింది ఏముంది?"

అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపింది.

"ఒక మనిషి ప్రాణం పోయింది, లలితా. నావల్ల."

ఆ సాయంత్రం మా ఆయన చక్రధర్ ఆఫీసు నుంచి వచ్చేదాకా అమ్మ చెబుతూనే ఉంది. నలభై నాలుగేళ్ళు నోరు మెదపని మనిషి ఎక్కడా తడబడలేదు. ఇన్నేళ్ళూ లోపల రోజూ చెప్పుకుంటూనే ఉందేమో అనిపించింది.

కంప్యూటింగ్ సెంటర్లో అప్పట్లో ప్రోగ్రాంలు రాసేవాళ్ళలో సగంపైన ఆడవాళ్ళేనట. ప్రొఫెసర్లు సమస్య చెప్పేవాళ్ళు, దాన్ని లెక్కగా విడగొట్టి కార్డుల మీదికి ఎక్కించేది వీళ్ళు. డాక్టర్ విట్మన్ అనే ఆయన దగ్గర మా కేశవరావు మామయ్య పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆసుపత్రి వాళ్ళకోసం కోబాల్ట్ లెక్క కంప్యూటర్ మీదికి ఎక్కిస్తానని విట్మన్ ఒప్పుకున్నాడు. ఆ పని అమ్మకిచ్చాడు. అంతవరకూ ఆసుపత్రిలో ఒక్కో రోగికి ఆ లెక్క చేతితో వెయ్యడానికి ఒక పూట పట్టేది. అమ్మ ప్రోగ్రాం నాలుగు నిమిషాల్లో తేల్చేది.

"అందులో ఒక కార్డు పెట్టాను," అంది అమ్మ. "జవాబు పన్నెండు నిమిషాలు దాటిందంటే ఆగిపోవాలి, మనిషిని పిలవాలి. ఆసుపత్రివాళ్ళు గడ్డ లోతు తప్పు రాస్తే పట్టుకోడానికి. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తప్పు రాస్తారు కదా."

అరవై ఐదు మార్చిలో రాయనే రాశారు. మార్గరెట్ అని ఒకావిడ, ముప్ఫై ఒక్కేళ్ళు, మెడలో గడ్డ. ఇద్దరు చిన్నపిల్లలు. గడ్డ లోతు సెంటీమీటర్లలో రాయాల్సినచోట ఆసుపత్రిలో ఎవరో మిల్లీమీటర్లలో రాశారు. ఒకటిన్నర కాస్తా పదిహేనైంది. జవాబు పన్నెండు నిమిషాలు దాటింది, యంత్రం మాత్రం ఆగలేదు. కంప్యూటర్ చెప్పింది కదా అని రోజూ అన్ని నిమిషాలూ ఇచ్చారు. మూడోవారానికి ఆవిడ మంచినీళ్ళు కూడా మింగలేకపోయింది. అప్పుడు చూసుకున్నారు.

"విట్మన్ నన్ను గదికి పిలిచి, నీ ప్రోగ్రాంలో ఆపే కార్డు లేదు, నువ్వు పెట్టనేలేదు అన్నాడు. పెట్టానన్నాను. పెడితే యంత్రం ఎందుకు ఆగలేదన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మార్గరెట్ లెక్క వెయ్యడానికి నాలుగు రోజుల ముందు మెట్లమీద కట్ట నా చేతుల్లోంచి జారిపోయింది. మూడొందల కార్డులు. అన్నీ ఏరి వరసపెట్టాను. ఆ ఒక్క కార్డు ఏ మెట్టుకిందో ఉండిపోయి ఉంటుంది. ఇంకోసారి లెక్కపెట్టుకోవాల్సింది. పెట్టలేదు."

"లిస్టింగ్ చూపించమని అడగలేదా?"

"అడిగాను. ఆసుపత్రి లాయర్లు పట్టుకెళ్ళారన్నాడు. అన్నయ్య ఏడిచాడు. పోలీసులదాకా వెళ్తే నీ పేరు పేపర్లో పడుతుంది, నువ్వు వెళ్ళిపో అన్నాడు. వెళ్ళేముందు ఒకసారి ఆసుపత్రికెళ్ళి ఆవిణ్ణి చూశాను. నేనెవరో చెప్పలేదు. ఆవిడ మాట్లాడలేదు, గొంతు పోయింది కదా. పలకమీద రాసింది, చీర చాలా బావుందని."

మే నెలలో మామయ్య దగ్గర్నుంచి కాకినాడకి ఉత్తరం వచ్చిందట. ఆవిడ పోయింది, ఈ సంగతి ఇంక మరిచిపో అని ఒకే ఒక్క లైను.

చక్రధర్ అంతా విన్నాక, వీసా ఫారంలో 'నో' అని ఉన్న సంగతి గుర్తొచ్చి, సోమవారం లాయర్‌కి ఫోన్ చేస్తానన్నాడు. నాకు ఆ మాట ఎక్కడో దూరంనించి వినబడింది. నేను వేరే సంగతి ఆలోచిస్తున్నాను. లిస్టింగ్ లాయర్లు పట్టుకెళ్ళలేదు. ముప్ఫై ఒకటో పెట్టెలో ఉంది.

"నేను చూసొచ్చి చెబుతానమ్మా," అన్నాను.

"నువ్వు కాదు. నేనే చూడాలి."

సోమవారం పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. దారిపొడుగునా అమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. యూనివర్సిటీలో కారు దిగి, నేను దారి చూపించకుండానే పాత భవనం వైపు నాలుగడుగులు వేసి ఆగింది. కంప్యూటింగ్ సెంటర్ ఉండిన చోట ఇప్పుడు పార్కింగ్ డెక్ ఉంది.

జోన్‌కి ముందే ఈమెయిల్‌లో అంతా రాశాను. ఆవిడ తలుపు దగ్గరకొచ్చి అమ్మకి చెయ్యిచ్చి, "మీరు వస్తారని ఎవరూ అనుకోలేదు," అంది.

పెట్టెలో ఒకటి కాదు, రెండు లిస్టింగులున్నాయి. ఒకటి ఫిబ్రవరి ఇరవయ్యారుది, ఇంకోటి మార్చి పదకొండుది. రెండూ బల్లమీద పక్కపక్కన పరిచాం. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, చూపుడువేలు లైను మీద ఆన్చి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. హైస్కూల్లో పేపరు దిద్దినట్టే. నేను పక్కన నిలబడి అనుసరించాను.

కార్డుకి ఎనభై గళ్ళుంటాయి. చివరి ఎనిమిదింటిలో రాసినవాళ్ళ పొడి అక్షరాలూ వరస నంబరూ కొట్టుకునేవాళ్ళు, కట్ట జారిపోయినా మళ్ళీ వరసపెట్టుకోడానికి. కాగితం కుడివైపు పొడుగునా కనబడుతోంది: జె.పి. 38, జె.పి. 39, జె.పి. 40. ఫిబ్రవరి కాగితంలో ఆ తరవాత జె.పి. 41. పన్నెండు నిమిషాలు దాటితే ఆగమనే కార్డు అదే. అమ్మ వేలు దానిమీద ఒక్క క్షణం ఆగింది. పెట్టానన్న మాట నిజమే.

అప్పుడు మార్చి పదకొండో తారీఖు కాగితం మీదికి వేలు జరిపింది. కార్డు మెట్లకింద పడిపోయి ఉంటే నలభై తరవాత నలభై రెండు రావాలి.

నలభై ఒకటి ఉంది. వాక్యం కూడా అదే, అక్షరం తేడా లేదు. కానీ లైనుకి మొట్టమొదటి గడిలో సి అని ఒక అక్షరం ఉంది. ఫోర్‌ట్రాన్‌లో మొదటి గడిలో సి ఉంటే ఆ లైను మనుషులు చదువుకోడానికి మాత్రమే. యంత్రం దాన్ని చూడనట్టు దాటిపోతుంది. చివరి గళ్ళలో జె.పి. లేదు. ఆర్.హెచ్.డబ్ల్యూ. 41 అని ఉంది.

"రాబర్ట్ హెచ్. విట్మన్," అంది అమ్మ ఇంగ్లీషులో, ఎవరో హాజరు పిలిచినట్టు.

కార్డు తీసి, సి చేర్చి, కొత్త కార్డు కొట్టి పెట్టింది ఆయనే. అలవాటు కొద్దీ తన అక్షరాలు వేసుకున్నాడు.  అమ్మ భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ కదల్లేదు. పక్కనున్న నలభయ్యో లైను చదివింది, నలభై రెండోది చదివింది, మళ్ళీ నలభై ఒకటికి వచ్చింది. అలా ఎన్నిసార్లు చదివిందో. సంతోషిస్తుందనో, ఏడుస్తుందనో ఎదురుచూశాను. ఆ ముఖంలో ఏదీ లేదు. ఎవరో చెంపమీద కొట్టి వెళ్ళిపోతే, కొట్టిందెవరా అని చూసే ముఖం అది.

"పోలేదు," అంది చివరికి తెలుగులో. "కార్డు పోనేలేదు."

జోన్ మంచినీళ్ళు తెచ్చిపెట్టింది. అమ్మ గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

"ఆ వారం వాషింగ్టన్ నించి ఎవరో పెద్దవాళ్ళు యంత్రం చూడటానికొచ్చారు," అంది కాసేపటికి. "మాటిమాటికీ ఆగిపోతుంటే పరువు పోతుందన్నాడు విట్మన్. ఆగకుండా చెయ్యమన్నాడు నన్ను. చెయ్యనన్నాను. నిజంగా అన్నాను లలితా. ఆ మాటే మరిచిపోయాను, చూశావా. నేనే పారేసుకున్నానని అంత గట్టిగా నమ్మేశాను."

కార్లోకి వచ్చాక, బెల్టు పెట్టుకోకుండానే, "అన్నయ్యకి ఫోన్ చెయ్యి," అంది.

కేశవరావు మామయ్యకి అప్పటికి డెబ్భై ఆరు. రిటైరై, టెక్సస్‌లో కాపెల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మేం అమెరికా వచ్చిన కొత్తలో విమానాశ్రయానికి వచ్చి తీసుకెళ్ళింది ఆయనే. నా పిల్లలకి ఆయనంటే ప్రాణం. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరి మధ్యా ఉంచాను.

"ప్రసూనా, ఏమ్మా, మిషిగన్‌లో ఎండలు మొదలయ్యాయా?" అన్నాడు మామయ్య.

"అన్నయ్యా, నేనూ లలితా యూనివర్సిటీలో ఉన్నాం. నా లిస్టింగ్ చూశాను. మార్చి పదకొండుది."

  అటునించి టీవీలో క్రికెట్ వినబడుతోంది.

"కార్డు మీద సి ఉంది," అంది అమ్మ. "విట్మన్ కొట్టిన కార్డు."

ఎవరో టీవీ కట్టేశారు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు మామయ్య.

ఫొటో చూసినప్పుడూ, లిస్టింగ్ అన్నప్పుడూ, ఆ అక్షరం చూసినప్పుడూ కలిగినవన్నీ ఒక ఎత్తు, ఈ రెండు మాటలు ఒక ఎత్తు. 

"ఎప్పట్నించి?" అంది అమ్మ.

"అప్పట్నించే. ఆయనే నన్ను పిలిచి చెప్పాడు. డెమో కోసం ఆ కార్డుని ఆపాను, మళ్ళీ సి తియ్యడం మరిచిపోయాను అన్నాడు. బయటపడితే సెంటరే మూసేస్తారన్నాడు. నీ చెల్లెల్ని పంపించెయ్, ఆ పిల్లకి ఇక్కడ పోయేదేముంది అన్నాడు. నాకింకో సెమిస్టర్ ఉంది. నా థీసిస్ మీద సంతకం ఆయనది, నా వీసా ఆయన చేతిలో ఉంది." ఊపిరి తీసుకున్నాడు. "పెళ్ళై, పిల్లలు పుడితే మరిచిపోతావనుకున్నాను. చెబుదామని ఎన్నిసార్లు..."

"కాకినాడ ఎన్నిసార్లొచ్చావు అన్నయ్యా?"

ఆయన ఏదో లెక్కపెట్టబోయాడు.

"పదకొండుసార్లు వచ్చావు. మా ఇంట్లో నా చేతి అన్నం తిన్నావు," అంది అమ్మ. నాకేసి చూసి, "ఇంక కట్టెయ్," అంది.

ఆ తరవాత వారంరోజులు అమ్మ మామూలుగానే వంట చేసింది, మామూలుగానే స్నానం చేసి దీపం పెట్టింది. కానీ ఏదైనా అందుకోబోయి చెయ్యి గాల్లోనే ఆపేసేది. ఒకరోజు స్టవ్ ముందు నిలబడి, "నేను మళ్ళీ ఒక్క ప్రోగ్రామైనా రాయలేదు," అంది, నాతోనో గోడతోనో. ఇంకోరోజు, "నువ్వు కంప్యూటర్లు చదువుతానంటే భయపడ్డాను. నా చేతులు నీకొచ్చాయేమోనని," అంది. అప్పుడు నేను ఏడిచాను. ఆవిడ ఏడవలేదు.

విట్మన్ చనిపోయి పదిహేనేళ్ళైందని జోన్ కనుక్కుంది. యూనివర్సిటీ లాయర్లకి సంగతి చెప్పక తప్పలేదు. వాళ్ళు ఆ పెట్టెని కొన్నాళ్ళు ఎవరికీ చూపించొద్దన్నారు. ఆ మాట చెబుతూనే జోన్, రెండు లిస్టింగులూ అప్పటికే స్కాన్ చేసి కాటలాగ్‌లో పెట్టేశాననీ, పెట్టినదాన్ని తీసేసే అధికారం తనకి లేదనీ చెప్పింది. మా ఇమిగ్రేషన్ లాయర్ ఈసారి వీసా ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు. మార్గరెట్ కొడుకు ఒహాయోలో ఉన్నాడని పాత పేపర్లలో వెతికి నేనే పట్టుకున్నాను. అమ్మ అతనికి స్వయంగా ఉత్తరం రాసింది, ఇంగ్లీషులో, రెండు పేజీలు. సాకులేవీ లేవు. జరిగింది జరిగినట్టు, తేదీలతో సహా. మూడు వారాలకి జవాబొచ్చింది. వాళ్ళమ్మ జబ్బుతో పోయిందనే ఇంట్లో అందరూ అనుకున్నారట, వాళ్ళ నాన్న తన ప్రార్థనలు చాలలేదని చివరిదాకా బాధపడ్డాడట. ఇంతకన్నా ఇప్పుడేం రాయాలో తెలియడం లేదని రాశాడు. అమ్మ ఆ ఉత్తరం చదివి మడిచి, రోజంతా గదిలోంచి బయటికి రాలేదు.

ఆగస్టులో మామయ్య వచ్చాడు. ముందు చెప్పలేదు. టాక్సీ దిగి, చిన్న సూట్‌కేసుతో మా వాకిట్లో నిలబడ్డాడు. రెండు నెలల్లో మనిషి సగమయ్యాడు. తలుపు అమ్మే తీసింది. ఆయన కాళ్ళు పట్టుకోడానికి వంగబోతే, వెనక్కి జరిగింది.

"పెద్దవాడివి, నువ్వు వంగకూడదు. లోపలికి రా. భోంచెయ్యి."

వడ్డించింది. ఆయన కలుపుకున్నాడు కానీ తినలేకపోయాడు.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు పళ్ళెంలోకి చూస్తూ.

"ఆ మాట నన్నడిగితే నాకు చెప్పడం రాదు, అన్నయ్యా. వాళ్ళ పిల్లలున్నారు. ముందు నీకు తెలిసింది కాగితం మీద పెట్టు."

మర్నాడు ముగ్గురం జోన్ దగ్గరకి వెళ్ళాం. అదే బల్ల దగ్గర మామయ్య తనకి తెలిసిందంతా చేత్తో రాశాడు. విట్మన్ గదికి పిలవడం, ఏమన్నాడు, తనేమన్నాడు, చెల్లెల్ని న్యూయార్క్ తీసుకెళ్ళి ఓడ ఎక్కించడం. మధ్యమధ్య ఆగి రాశాడు. రెండు గంటలు పట్టింది. జోన్ సాక్షి సంతకానికి పెన్ను తీస్తే, అమ్మ ఆగమంది. కాగితాలు తన ముందుకి లాక్కుని, చూపుడువేలు పెట్టి మొదటి లైను నించి చదివింది. రెండో పేజీ సగంలో వేలు ఆగింది.

"విట్మన్ నిన్ను పిలిచింది ఏప్రిల్ మొదటివారం అని రాశావు."

"అంతే కదమ్మా?"

"కాదు. మార్చి నెలాఖరు. ఏప్రిల్ మొదటివారానికి నేను ఓడలో ఉన్నాను."

మామయ్య పెన్ను తీసుకుని ఏప్రిల్ కొట్టేసి, పైన మార్చి అని రాసి, పక్కన తన పొడి అక్షరాలు వేశాడు. అమ్మ మిగతా లైన్లు చదవడం మొదలుపెట్టింది.